ప్రమాదము - శరణాగతి

సంస్కృతము నుండి మన భాషకు వచ్చిన మాటలలో కొన్ని త్రోవలో అర్థమును మార్చుకొన్నవి. 'ప్రమాదము' అట్టి మాట. నేడు తెలుగువారు ప్రమాదమనగా ఆపద యని, అనుకోకుండ వచ్చి పడిన దెబ్బ యని గ్రహింతురు. బస్సు బోల్తా పడినను ప్రమాదమే; మెట్టు జారి పడినను ప్రమాదమే. సంస్కృతమున ఆ మాటకు ఏమరుపాటు అని అర్థము. మొదటి అర్థములో తప్పు విధిది. రెండవ అర్థములో తప్పు మనది. మహాభారతమున సనత్సుజాతుడు ధృతరాష్ట్రునకు బోధించుచు ప్రమాదమే మృత్యువని చెప్పినపుడు ఆ మహర్షి ఉద్దేశించినది ఈ రెండవ అర్థమునే. నలుబది యేండ్లు విద్యార్థులకు ఈ మాట నేర్పిన నాకు, దాని బరువు మొన్న మాఘమాసమున ఒక కొండ వాలులో, గాలికి లేచుచు పడుచున్న ఒక బట్టరెక్కను చూచిననాడు గాని తెలిసిరాలేదు. ఆ సంగతిని భాగవతులైన పాఠకులకు విన్నవించుకొనుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

నా దౌహిత్రి పూణే నగరమున ఉద్యోగము చేయుచున్నది. నేను అక్కడ ఉన్న దినములలో ఆ పిల్ల పారాగ్లైడింగు అను విద్యలో ఒకనాటి ప్రాథమిక శిక్షణకు పేరు వ్రాయించుకొన్నది. కొండ వాలున పరుగెత్తి, బట్టతో కుట్టిన రెక్క ఆధారముగా గాలిలోనికి లేచి, దిగువనున్న మైదానమున దిగుట ఈ విద్య. సంగతి తెలిసి నరసరావుపేట నుండి మా అమ్మాయి ఫోను చేసి, "నాన్నగారూ, మీరు వద్దంటే అది మానుకుంటుంది. ఒక్క మాట అనండి" అని కంట నీరు పెట్టుకొన్నది. వద్దనుటకు ముందు అదేమో కంటితో చూడవలెనని తోచి, ఆ తెల్లవారుజామున నేనును పిల్ల వెంట బయలుదేరితిని.

లోనావళాకు పూణేకు నడుమ కామ్‌షేత్ అను ఊరు కలదు. సహ్యాద్రి కొండలు, వాని నడుమ పవనా నది జలాశయము. వాయుదేవుని పేరును తలపించు నది చెంత ఈ వాయువిద్య నేర్పుచుండుట నాకు ముచ్చటగా తోచినది. వానకాలమున అక్కడ ఈ శిక్షణ ఉండదు. వానలు వెలిసిన తరువాత వేసవి వరకు సాగును. విద్య మాత్రము ప్రాచీనమైనది కాదు. గాలిపటములు చేయు డొమినా జాల్బర్ట్ అను నతడు 1960వ దశకమున గాలి చొరబడి నిండుటచేతనే ఆకారము నిలుపుకొను బట్టరెక్కను కల్పించెను. 1978లో ఫ్రాన్సు దేశమున మియుసీ అను కొండయూరిలో ముగ్గురు పారాచూటు విద్యావంతులు, విమానము నెక్కి దూకుటకు బదులు వాలున పరుగెత్తి అట్టి రెక్కతో దిగువకు దిగిరి. అది మొదలు ఈ విద్య దేశదేశములకు ప్రాకినది. మన దేశమున హిమాచల ప్రదేశములోని బీర్-బిల్లింగు కొండలలో 2015లో దీని ప్రపంచస్థాయి పోటీలు కూడ జరిగినవి.

శిక్షణకు వచ్చినవారు ఆరుగురు. శిక్షకుడు నలుబది యేండ్ల వయస్సువాడు, మితభాషి. మొదట అందరిచేతను ఒక కాగితముపై సంతకము చేయించెను. వచ్చు కష్టనష్టములు తెలిసియే వచ్చితిమని దాని సారాంశము. తరువాత రెక్కను నేలపై పరచెను. పలుచని నైలాను బట్ట. రెండు పొరలు, వాని నడుమ వరుసగా అరలు. అరల నోళ్ళు ముందువైపు తెరచియుండును. మొత్తము బరువు అయిదు కిలోల ప్రాంతము; వైశాల్యము సుమారు 25 చదరపు మీటర్లు. క్రింద సన్నని త్రాళ్ళు ఎన్నో. గాలి నిండనంతవరకు అది చాకిరేవున పరచిన బట్ట వంటిది. ఎదురుగాలి ఆ నోళ్ళలో దూరినంతనే బిగిసి రెక్క యగును. మంచి రెక్క ఒక మీటరు దిగులోపల ఎనిమిది మీటర్లు ముందునకు సాగునని అతడు చెప్పెను. ఆ మాట విన్నపుడు, ఆకసమున రెక్క కదల్పక తిరుగు గరుడపక్షి స్ఫురించి చేతులు జోడించితిని.

ఆనాడు పిల్లలు ఎగురుదురని నేను తలచితిని. కాని ప్రొద్దుటి కాలమంతయు వారు నేల విడువలేదు. నేలపై నిలిచి రెక్కను నెత్తిమీదికి లేపుట, అది ప్రక్కకు ఒరిగినపుడు దాని క్రిందికి తాము జరుగుట, వెంటనే దానిని దింపి అణచుట, ఇదియే పాఠము. లేపుట కంటె ముందు ఆపుట నేర్పిరి. మా పిల్ల నాలుగు మారులు పడినది. ఒకమారు గాలి దానిని పది అడుగులు ఈడ్చుకొని పోయినది. అప్పుడు నేను జపమాల వదలి లేచి నిలుచుంటిని. శిక్షకుడు మాత్రము కదలక, "త్రాడు లాగు, లాగు" అని కేక వేసెను. లాగినంతనే రెక్క కూలినది.

పరుగు విషయమున అతడు ఒక మాట చెప్పెను. క్రొత్తవారు చేయు సాధారణమైన తప్పు ఏదనగా, రెక్క కొంచెము లేపినంతనే 'లేచితిని' అనుకొని కాళ్ళు ముడిచి కూర్చుండుట. రెక్కకు ఇంకను చాలినంత బలము రాలేదు. కూర్చున్నవాడు నేలపై చతికిలబడును. కనుక పాదములు నేలను వదలిన తరువాత కూడ రెండడుగులు గాలిలోనే పరుగెత్తవలెను. నేల నిన్ను విడువవలెను గాని నీవు నేలను విడువరాదు. ఇంకొకటి: పరుగునకు ముందు ఒక్కొక్కరును తలపాగ వంటి హెల్మెట్టు కట్టు, తొడల కట్లు, రెక్కను తగిలించు కొక్కెములు, త్రాళ్ళు, గాలి అను అయిదింటిని వేలితో ముట్టి, లేక కంటితో చూచి, పైకి చెప్పవలెను. ఈ విద్యలో తొడకట్టు బిగించుకొనుట మరచి ప్రాణములు పోగొట్టుకొన్న ఆరితేరినవారు కలరట. ఎన్నిసార్లు ఎగిరినను ఈ పాఠము తప్పదని, ఇరువది యేండ్ల అనుభవము కలవానికి కూడ ఇదే వరుస యని శిక్షకుడు చెప్పెను. సంధ్యావందనమున అంగన్యాస కరన్యాసములు నిత్యము చేయు నాకు అది క్రొత్తగా తోచలేదు.

మధ్యాహ్నము చిన్న వాలు నుండి ఒక్కొక్కరిని కొన్ని అడుగుల ఎత్తున ఎగురనిచ్చెదమని ముందే చెప్పియుండిరి. నాలుగు గంటలు కావచ్చినది. పిల్లలు వరుసగా నిలిచిరి. శిక్షకుడు గుప్పెడు ఎండుగడ్డి తీసి గాలిలో విడిచెను. స్తంభమునకు కట్టిన గాలిసంచిని చూచెను. కొంతసేపు ఊరకుండి మరల చూచెను. ఎండకు కాగిన నేల నుండి గాలి తెరలు తెరలుగా లేచుచుండెను. ఒక నిమిషము శాంతము, మరునిమిషము విసురు. ఆ రెక్క గాలిలో గంటకు సుమారు 35 కిలోమీటర్లు సాగును. ఎదురుగాలి దానికి సమానమైనచో ముందునకు పోలేదు. మించినచో వెనుకకు కొట్టుకొనిపోవును. కొండ వెనుక గాలి సుడులు తిరుగును. అందు చిక్కిన రెక్క ముడుచుకొని పోవును. అతడు తల యడ్డముగా త్రిప్పి, "ఈ రోజు లేదు" అని హిందీలో చెప్పెను. ఆరుగురి ముఖములును వాడిపోయినవి. ఒక యువకుడు తాను పూచీ పడెదనని వాదించెను. దానికతడు, "గాలి నా మాట వినదు. గాలి మాట నేను వినాలి" అని రెక్కలను మడువసాగెను. ఆకాశయానము చేయువారిలో ఒక నానుడి కలదట: ఆకాశమున ఉండి 'నేలపై ఉన్న బాగుండును' అని కోరుట కంటె, నేలపై ఉండి 'ఆకాశమున ఉన్న బాగుండును' అని కోరుట మేలు.

తిరుగుదారిలో మా పిల్ల కోపముతో, "తాతయ్యా, ఇంత దూరం వచ్చి ఎగరకుండానే వెళ్ళాలా? కాస్త ధైర్యం చేస్తే స్వామి చూసుకోడా? మీరే కదా చెప్తారు" అన్నది.

నాకు సమాధానము రాలేదు. ఎందులకనగా ఆ మాట నాదే. ఏబది యేండ్ల క్రిందట, ఇంచుమించు అవే అక్షరములలో, నేను ఇంకొకనితో అన్నమాట అది.

మాది పల్నాడు జిల్లాలో కొండవీటి దిగువనున్న పల్లె. అనవోతారెడ్డి కాలమున అద్దంకి నుండి రెడ్ల రాజధాని ఆ కొండకు వచ్చినది. పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమున శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది అచ్చటనే. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి దుర్గమును గైకొనెను. దిగువను కత్తుల బావి గోపీనాథస్వామి కోవెల. పైన వెదుళ్ళ చెరువు, పుట్టాలమ్మ చెరువు, ముత్యాలమ్మ చెరువు, చుట్టును శిథిలములు. నేడు కార్లు పోవు ఘాటురోడ్డు కలదు. నా బాల్యమున పాత రాతిమెట్ల త్రోవయే దిక్కు.

1974 కార్తిక మాసము, ఉత్థాన ఏకాదశి. పాఠశాల విద్యార్థులము ముగ్గురము కొండ మీది పాడుగుడిలో దీపము పెట్టి రావలెనని సంకల్పించితిమి. మాకు పదునేడేండ్లు. సగము దూరము ఎక్కునప్పటికి తుంపర మొదలైనది. మెట్లపై నాచు. ప్రొద్దు క్రుంకుచుండెను. మాలో ఒకడు నిలిచి, "వాన పెద్దదయ్యేట్టుంది. రేపు ద్వాదశినాడు వద్దామా?" అన్నాడు. అప్పుడు నేను, "దీపానికి పోయేవాడికి భయమేమిటోయ్? ధైర్యం చేస్తే స్వామి చూసుకోడా? నమ్మకం లేదా నీకు?" అంటిని. అతడు మారు పలుకక ముందునకు నడిచెను. ఇరువది మెట్లు దాటకముందే కాలు జారి క్రింది బండలపై పడెను. మోకాలు చితికినది. తెల్లవారువరకు దింపలేకపోతిమి. నాటి నుండి నేటి వరకు అతడు కుంటుచునే యున్నాడు. వేదము సుస్వరముగా చెప్పగలిగినవాడు, కైంకర్యమునందు ఆసక్తి కలవాడు. కాని స్వామి వాహనమునకు భుజము పట్టు భాగ్యము అతనికి మరల కలుగలేదు. ఉత్సవములలో వాహనము వెనుక కఱ్ఱ పట్టుకొని నడచుచుండును. ఊరివారు అది ప్రమాదమనిరి. నేనును అట్లే చెప్పుచు వచ్చితిని. ఏ అర్థమున ప్రమాదమో నేను విచారింపలేదు.

ఇప్పుడు విచారింపవలసిన ప్రశ్న యిది. భగవంతునిపై భారము వేసినవాడు జాగ్రత్త పడనక్కరలేదా? జాగ్రత్త పడుట విశ్వాసమునకు కొరతయా?

మన పెద్దలు శరణాగతిని రెండు పోలికలతో బోధించిరి. కోతిపిల్ల తల్లిపొట్టను తానే గట్టిగా పట్టుకొనును. అది మర్కటకిశోర న్యాయము. పిల్లిపిల్లను తల్లియే నోట కరచి తీసికొనిపోవును. అది మార్జాలకిశోర న్యాయము. రెండు సంప్రదాయములును మనకు శిరోధార్యములే. మొదటి దానిని బట్టి చూచినను పట్టు సడలరాదు. రెండవ దానిని బట్టి 'నా ప్రయత్నమేల?' అని అడుగువారు ఒకటి గమనింపవలెను. తల్లినోట నున్న పిల్లిపిల్ల పెనుగులాడదు. తల్లి ఎచటికి తీసికొనిపోవలెనో తాను నిర్ణయింపదు. నేడే, ఈ త్రోవనే, ఈ వానలోనే పోయెదను, నీవు కాపాడుమను పిల్ల తల్లి నోట లేదు. తల్లిని తన వెంట ఈడ్చుచున్నది.

శరణాగతికి చెప్పిన ఆరు అంగములలో మహావిశ్వాసము ఒక్కటి. దానిని మాత్రమే పట్టుకొని తక్కినవానిని మరచుట మన అలవాటు. స్వామికి అనుకూలముగా నడచెదనను సంకల్పము మొదటిది. ప్రతికూలమును వదలుట రెండవది. ఆయన ఇచ్చిన శరీరమును, ఆయనను సేవింపవలసిన శరీరమును, ఏమరుపాటుతో బండలపాలు చేయుట ఆయనకు అనుకూలమా? ఇంకొక అంగము కార్పణ్యము. నా శక్తి యింతే యని ఒప్పుకొనుట అది. 'గాలి నా మాట వినదు' అన్న ఆ శిక్షకునకు మన శాస్త్రము తెలియకపోవచ్చును. కాని ఆ క్షణమున అతని నోట వచ్చినది కార్పణ్యమే. కొండమెట్లపై నా నోట వచ్చినది విశ్వాసము కాదు. విశ్వాసపు దుస్తులు వేసికొన్న అహంకారము.

ప్రహ్లాదుని మాటయేమని కొందరు అడుగవచ్చును. అతనిని కొండకొమ్ము నుండి పడద్రోసిరి, స్వామి రక్షించెను. నిజమే. కాని ప్రహ్లాదుడు తానుగా దూకలేదు. తండ్రి కింకరులు త్రోసిరి. తప్పించుకొన వీలులేక వచ్చిపడిన ఆపదలో స్వామిని తలచుట భక్తి. స్వామి వచ్చునో రాడో చూతమని ఆపదను వెదకికొని పోవుట పరీక్ష. భక్తుడు పరీక్షకు లోబడును గాని పరీక్షాధికారి కాడు.

మరి సాహసమే కూడదా? అట్లు చెప్పినచో సముద్రలంఘనమే లేదు. శ్రీమద్రామాయణమున సముద్రతీరపు సభను గుర్తుకు తెచ్చుకొనుడు. ఎవరు ఎంత దూరము దాటగలరని అంగదుడు అడిగినపుడు వానరవీరులు తమ తమ శక్తిని దాపరికము లేక చెప్పిరి. గజుడు పది యోజనములనెను, గవాక్షుడు ఇరువది యనెను. సుషేణుడు ఎనుబది, వృద్ధుడైన జాంబవంతుడు తొంబది. యువరాజగు అంగదుడు నూరు యోజనములు పోగలనని, తిరిగివచ్చు శక్తి యుండునో లేదో నిశ్చయము లేదని చెప్పెను. సీతమ్మ జాడ తెలిసికొనుట కంటె గొప్ప కార్యమున్నదా? రామనామము కంటె గొప్ప రక్షణ యున్నదా? అయినను ఆ సభలో ఎవరును 'నమ్మకము లేదా?' అని అంగదుని ఎత్తిపొడువలేదు. తన కొలత తాను చెప్పుట పిరికితనమని ఎవరికిని తోచలేదు. హనుమంతుడైనను శక్తిని తెలిపినపుడు లేచి, మహేంద్రగిరిపై పాదములు ఊని, సూర్యునకు, ఇంద్రునకు, తన తండ్రియగు వాయువునకు, బ్రహ్మకు మ్రొక్కి ఎగిరెను. ఆ వాయుపుత్రుడే వాయువునకు మ్రొక్కగా, పదునేడేండ్ల నేను వానను చూచి నవ్వితిని.

కనుక ధైర్యమునకు సాహసమునకు నడుమ గీత ఎచటనున్నదో నాకు తోచినది చెప్పుచున్నాను. వెనుకకు మరలగలిగినవాని అడుగు ధైర్యము. వెనుకకు మరలిన పరువు పోవునని ముందునకు వేసిన అడుగు సాహసము. మొదటిదాని యందు స్వామికి చోటున్నది. రెండవదాని యందు 'నేను' నిండియున్నాను.

పూణే నుండి మా అమ్మాయికి ఫోను చేసి, "వద్దనుటకు నాకు కారణం కనబడలేదమ్మా. ఆపవలసిన చోట ఆపేవాళ్ళు అక్కడున్నారు" అంటిని. రెండు వారముల తరువాత శాంతమైన గాలిలో ఆ పిల్ల చిన్న వాలు నుండి పది పదునైదు క్షణములు ఎగిరినదట. ఆ మాట చెప్పుటకు ఫోను చేసి, చివరకు, "నేల నన్ను వదిలింది తాతయ్యా" అన్నది.

నేను ఇల్లు చేరిన మరునాడే నా సహాధ్యాయి యింటికి పోతిని. ఏబది యేండ్లుగా అతడు నన్ను ఒక్క మాట అనలేదు, నేనును అడుగలేదు. ఆనాడు అరుగుపై కూర్చుండి, "ఆ రోజు స్వామి చూసుకుంటాడన్నాను. నిన్ను నమ్మించి పడగొట్టాను. తప్పు నాది" అంటిని. అతడు చాలసేపు మాటాడలేదు. తరువాత, "నమ్మి ఎక్కానని నీకెవరు చెప్పారు? నమ్మకం లేనివాడంటావని ఎక్కాను" అన్నాడు.

నేను అనుకొన్నదాని కంటె ఆ మాట బరువైనది. స్వామి పేరు చెప్పి నేను అతనిలో విశ్వాసమును పెంచలేదు, సిగ్గును పుట్టించితిని. దైవనామమును తోటివానిని తరుముటకు కఱ్ఱగా వాడితిని. ఈ అపచారమునకు నాకు తెలిసిన ప్రాయశ్చిత్తము దీనిని దాచక చెప్పుటయే.

యాత్రలకు పోవు భాగవతులారా! అహోబిలమున జ్వాలానరసింహుని సేవింప భవనాశిని వెంట రాళ్ళపై నడచునప్పుడు గాని, వానలో ఏ కొండమెట్లు ఎక్కునప్పుడు గాని, మీ జట్టులో ఒకడు ఆగి 'ఈ రోజు వద్దేమో' అన్నచో అతనిని పిరికివాడనకుడు. ముసలివారు ఆయాసపడి 'ఇక్కడినుంచే దండం పెట్టుకుంటాను' అన్నచో, విశ్వాసము చాలదని ఎత్తిపొడువకుడు. దిగువన పెట్టిన దండమును పైనున్న స్వామి అందుకొనును. వాహనము వెనుక కఱ్ఱ ఊతగా నడచు ఒక వృద్ధుని నేను ప్రతి ఉత్సవమునను చూచుచున్నాను. ఇక మీదట ఎవరైన అతని కాలు సంగతి అడిగినచో ప్రమాదమనియే చెప్పెదను. కాని సంస్కృతార్థమున చెప్పెదను. ఆ ఏమరుపాటు ఎవరిదో కూడ చెప్పెదను.

శ్రీమన్నారాయణుడు మనకు విశ్వాసమును, దానితోపాటు మెలకువను ప్రసాదించుగాక.